టెస్లా: బోరు మోటారు నుంచి బోసిపోయిన టవరు దాకా

(తెర మీద: సీలింగ్ ఫ్యాను. స్విచ్ వేస్తే మూలుగుతుంది, కదలదు.)

ఫ్యాను స్విచ్ వేశారు. గుర్రుమని మూలుగుతోంది గానీ తిరగట్లేదు. ఇంట్లో ఎవరో ఒకరు చీపురు కర్ర తెచ్చి రెక్కను అలా తోస్తారు, తిరగడం మొదలెడుతుంది. "కండెన్సరు పోయుంటుందిలే" అంటారు. మీరు మాత్రం కర్రతో తొయ్యకండి, దెబ్బలు తగుల్తాయి. కానీ ఇందులో ఒక తమాషా ఉంది. ఆ ఫ్యానును ఎటు తోస్తే అటే తిరుగుతుంది. కుడికి తోస్తే కుడికి, ఎడమకు తోస్తే ఎడమకు!

ఎందుకలా? జవాబు కోసం 1882లో బుడాపెస్ట్ వెళ్లాలి.

(తెర మీద: పాత బుడాపెస్ట్ పార్కు బొమ్మ.)

పాతికేళ్ల కుర్రాడు నికోలా టెస్లా. ఇప్పటి క్రొయేషియాలో ఉన్న స్మిల్యాన్ అనే పల్లెలో, సెర్బియన్ చర్చి పూజారి ఇంట్లో పుట్టాడు. గ్రాజ్‌లో ఇంజినీరింగు చదువు సగంలో వదిలేశాడు. అప్పటి మోటార్లలో తిరిగే భాగానికి కరెంటు అందించాలంటే బ్రష్షులు రాసుకుంటూ ఉండాలి. రవ్వలు లేచేవి, బ్రష్షులు అరిగిపోయేవి. పార్కులో నడుస్తున్నప్పుడు టెస్లాకు తట్టిందిది: లోపలికి కరెంటు పంపడం ఎందుకు? బయట అయస్కాంత బలాన్నే గుండ్రంగా తిప్పితే పోలా?

(తెర మీద: మూడు కాయిల్స్ యానిమేషన్.)

రంగులరాట్నం చుట్టూ ముగ్గురు నిలబడ్డారనుకోండి. ఒకేసారి కాకుండా, ఒకరి తర్వాత ఒకరు వరసగా తోస్తున్నారు. రాట్నం సాఫీగా తిరుగుతుంది. మన త్రీఫేజు కరెంటు అదే. మూడు కాయిల్స్‌లో కరెంటు వంతులవారీగా పెరిగి తగ్గుతుంది కాబట్టి వాటి మధ్యలో అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది. లోపలున్న లోహపు కడ్డీలకు ఏ తీగా తగిలించక్కర్లేదు. తిరిగే క్షేత్రమే వాటిలో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు వల్ల అవీ అయస్కాంతమై క్షేత్రం వెంట పడతాయి. దాన్ని ఎప్పటికీ అందుకోలేవు. అందుకుంటే కడ్డీల్లో కరెంటే పుట్టదు! మన 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు ఊగే) కరెంటు మీద రెండు ధ్రువాల (పోల్స్) మోటారులో క్షేత్రం నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. మోటారు మాత్రం ఎప్పుడూ కాస్త వెనకే.

ఇదంతా రైతులకు కొత్త కాదు. బోరు మోటారు వెనక్కి తిరుగుతుంటే మూడు వైర్లలో ఏవో రెండిటిని అటూ ఇటూ మార్చమంటారు. తోసేవాళ్ల వరస మారితే రాట్నం తిరగబడుతుంది కదా. ఒక ఫేజు పోతే మోటారు మూలుగుతూ వేడెక్కి, స్టార్టరు కరెంటు ఆపెయ్యకపోతే వైండింగు కాలిపోతుంది. ఇంట్లోకి వచ్చేది సింగిల్ ఫేజు. దానికి ముందుకూ వెనక్కీ ఊపడమే తెలుసు, గుండ్రంగా తిప్పడం తెలియదు. రెండో మనిషిలా కాస్త తేడాతో తోసేది కండెన్సరే. అది లేకపోతే ఎటు తిరగాలో ఫ్యానుకు తెలియదు. (కొత్తగా వస్తున్న, ఎలక్ట్రానిక్ సర్క్యూటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ల సంగతి వేరే.)

(తెర మీద: నయాగరా జలపాతం.)

1884లో న్యూయార్క్ వెళ్లాడు, కొన్ని నెలలు ఎడిసన్ కంపెనీలో పనిచేసి బయటికొచ్చాడు. 1888లో మోటారు పేటెంట్లు వచ్చాయి, పారిశ్రామికవేత్త వెస్టింగ్‌హౌస్ కొనుక్కున్నాడు. 1896లో ఆ పద్ధతిలోనే నయాగరా కరెంటు బఫలో నగరానికి చేరింది. తిరిగే క్షేత్రం ఆలోచన ఇటలీలో గలిలియో ఫెరారిస్ అనే శాస్త్రవేత్తకూ విడిగా వచ్చింది. మనం వాడే త్రీఫేజు పద్ధతిని గట్టిగా నిలబెట్టినవాడు డోలివో-డోబ్రోవోల్‌స్కీ అనే ఇంజినీరు. అంతా టెస్లా ఒక్కడే చేశాడన్న కథ చెప్పుకోవడానికి బాగుంటుంది, అంతే.

సరే, మీరు ఎదురుచూస్తున్న టవరు.

(తెర మీద: వార్డెన్‌క్లిఫ్ టవరు ఫోటో.)

1901లో బ్యాంకరు జె.పి. మోర్గాన్ 1,50,000 డాలర్లు ఇస్తానన్నాడు. ఒప్పందం అట్లాంటిక్ మీదుగా వైర్‌లెస్ సందేశాల కోసం. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో 187 అడుగుల టవరు పని మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులోనే ఇటలీ ఆవిష్కర్త మార్కోనీ అంతకంటే చవక సరంజామాతో సముద్రం దాటి ఒక్క అక్షరం వినిపించాడు. అప్పుడు టెస్లా, ఇది సందేశాలకే కాదు, తీగలు లేకుండా కరెంటు పంపడానికి కూడా అన్నాడు. మోర్గాన్ ఇక పైసా ఇవ్వనన్నాడు. 1917లో హోటలు బాకీ కింద టవరును కూల్చేశారు.

"ఉచిత కరెంటు వస్తే మీటరు ఎక్కడ పెట్టాలని మోర్గాన్ తొక్కేశాడు" అనే ఫార్వర్డు మీకూ వచ్చే ఉంటుంది. నా మాట వినండి: డబ్బులిచ్చినా అది పనిచేసేది కాదు. భూగోళం మొత్తం ఒక గంటలా మోగుతుందని, పంపిన శక్తి వాడుకునేదాకా అందులోనే తిరుగుతుందని ఆయన నమ్మకం. నిజానికి దూరం వెళ్లేకొద్దీ శక్తి చెదిరిపోతుంది. 1899లో కొలరాడో స్ప్రింగ్స్ నుంచి 26 మైళ్ల అవతల 200 బల్బులు వెలిగించాడంటారు. ఆయన సొంత నోట్సులో దానికి ఆధారం లేదు.

నాకు బాధగా ఉండేది టవరు గురించి కాదు. ఇదిగో, దీని గురించి.

(తెర మీద: చిన్న ఇనప పడవ నమూనా.)

1898. మాడిసన్ స్క్వేర్ గార్డెన్. నీళ్ల తొట్టిలో చిన్న పడవ. టెస్లా చేతిలో మీటలు, మధ్యలో తీగల్లేవు. పడవ చెప్పినట్టు తిరుగుతోంది, దీపాలు వెలిగిస్తోంది. డ్రోన్ల తాతను అప్పుడే కళ్లముందు పెట్టేశాడు! దాన్ని పట్టుకుని కూర్చుని ఉంటే? కూర్చోలేదు. 1890ల్లోనే ఉపన్యాసాల్లో వాయువు నింపిన గొట్టాలను వైరు తగిలించకుండా వెలిగించి చూపాడు. ట్యూబులైటు బజారులోకి వచ్చింది 1938లో, వేరేవాళ్ల చేతుల మీదుగా. 1895 మార్చిలో లాబొరేటరీ తగలబడి పరికరాలూ నోట్సూ బూడిదైతే, ఇన్సూరెన్సు కూడా లేదు. ఆ దెబ్బ నుంచి లేచినవాడు, చేతిలో ఉన్నవి పూర్తి చేయకుండా టవరు వెంట పరిగెత్తాడు.

1896లో వివేకానందుడు ఒక ఉత్తరంలో రాశారు: పదార్థాన్నీ, బలాన్నీ స్థితిశక్తి (పొటెన్షియల్ ఎనర్జీ)గా కుదించవచ్చని గణితంతో చూపగలనని టెస్లా అనుకుంటున్నాడని. ఆ గణితమూ రాలేదు.

1943 జనవరి 7న హోటల్ న్యూయార్కర్, 3327వ గదిలో ఒంటరిగా పోయాడు. అయిదు నెలలకు అమెరికా సుప్రీంకోర్టు మార్కోనీ రేడియో పేటెంటులో ముఖ్యమైన భాగాలు చెల్లవంది. తీర్పులో టెస్లాతోపాటు లాడ్జ్, స్టోన్ అనే పరిశోధకుల పేర్లూ ఉన్నాయి. టెస్లా కాగితాల్లో "మృత్యుకిరణం" అనే ఆయుధం దాగి ఉందేమోనని ప్రభుత్వం ఎంఐటీ ప్రొఫెసరు జాన్ ట్రంప్‌తో పరీక్ష చేయించింది. అవును, డొనాల్డ్ ట్రంప్‌కు బాబాయే. పనికొచ్చే విధానమేదీ లేదని, ఎక్కువగా ఊహలేనని ఆయన తేల్చాడు.

ఆ కాగితాలు ఇప్పుడు సెర్బియాలోని బెల్‌గ్రేడ్ మ్యూజియంలో ఉన్నాయి. పక్కనే బంగారు రంగు గోళంలో టెస్లా అస్థికలు.

(తెర మీద: కొత్త కండెన్సరు బిగించిన ఫ్యాను, తిరుగుతూ.)