రిసెప్షన్ టేబుళ్ళకి పొడుగు పూల స్టాండ్లు: నిలబడి కాదు, కూర్చుని చూడండి!

హాయ్ అండీ, నమస్తే! ఎడిసన్ నుంచి మళ్ళీ పెళ్ళి కబుర్లతో వచ్చేశాను. మా అక్క కూతురు బుజ్జి పెళ్ళి అక్టోబర్‌లో. పెళ్ళీ రిసెప్షనూ రెండూ ఇక్కడే, న్యూజెర్సీలోనే. హాలు మాట్లాడేశాం, కేటరింగ్ కుదిరింది, డీజేకి అడ్వాన్స్ ఇచ్చేశాం. ఇక మిగిలినవి పూలు.

పూలంటే మండపం పూలు కాదులెండి. అది మా అమ్మ డిపార్ట్‌మెంట్, అందులో ఎవరూ వేలు పెట్టడానికి లేదు. ఈరోజు వీడియోలో సంగతి రిసెప్షన్‌లో భోజనాల టేబుళ్ళ మధ్యలో నిలబెట్టే పొడుగు సెంటర్‌పీసులు. బుజ్జి ఫోన్ నిండా వాటి ఫొటోలే. సన్నటి బంగారు రంగు స్టాండ్, దాని నెత్తిన గుండ్రంగా తెల్లపూలు, కింద చిన్న చిన్న కొవ్వొత్తులు. చూడ్డానికి ఎంత బాగుంటాయో! మా బావగారు మాత్రం ఒక్కటే అడిగారు: "వచ్చేవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవద్దా? మధ్యలో ఈ చెట్టెందుకు?"

అందరం నవ్వేశాం గానీ, అడగాల్సిన ప్రశ్న అదే.

డెకరేటర్ గోడౌన్‌లో మా కోసం ఒక శాంపిల్ టేబుల్ వేసి ఉంచారు. వెళ్ళగానే అందరం ఫోన్లు తీసి దాని చుట్టూ నిలబడిపోయాం. అటువైపు అక్క, ఇటువైపు నేను. అక్క కట్టుకున్న చీర కనిపిస్తోంది, మొహం కనిపించడం లేదు. పూలు సరిగ్గా మా మొహాలకి ఎదురుగా ఉన్నాయి. "చూశారా, నేను చెప్పలా!" అని బావగారు మొదలుపెట్టారు. డెకరేటర్ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా కుర్చీలు లాగి, అందరినీ ఒకసారి కూర్చోమంది.

ఇదిగో చూడండి, ఇప్పుడు కెమెరా నా కళ్ళ ఎత్తులో పట్టుకున్నాను. పూలన్నీ పైకి వెళ్ళిపోయాయి. ఎదురుగా అక్క మొహం, బొట్టు, వెనకాల గోడ మీద గడియారం, అన్నీ కనిపిస్తున్నాయి. మధ్యలో అడ్డమల్లా వేలు లావు కడ్డీ ఒక్కటే. బావగారు కూడా కూర్చుని, మెడ అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకేం అనలేదు.

లెక్క చాలా సింపుల్. ఇక్కడ హాళ్ళలో టేబుల్ ఎత్తు 30 ఇంచులు. కుర్చీలో కూర్చుంటే మన కళ్ళు నేల నుంచి దాదాపు 45 ఇంచుల దగ్గర ఉంటాయి, మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. అంటే టేబుల్ పైనుంచి ఒక 15 ఇంచులు. కాబట్టి పూలు 12 ఇంచుల లోపే ఆగిపోవాలి, లేదంటే 24 ఇంచుల పైన మొదలవ్వాలి. ఆ మధ్యలో ఉన్న జాగా ఎదుటి మనిషి మొహానిది. ఫొటోల్లో మనకి నచ్చేసేవి చాలావరకు ఆ మధ్య ఎత్తువే ఉంటాయి. ఫొటో తీసేవాళ్ళు నిలబడి తీస్తారు కదా, వాళ్ళకేం అడ్డం రావు! అందుకే మీరు ఎక్కడికి వెళ్ళినా ముందు కుర్చీ అడగండి. ఫొటోలు తర్వాత.

మేం తీసుకున్న స్టాండ్ 28 ఇంచులు. పైన పూల గుత్తి వెడల్పు బుజ్జి 24 ఇంచులు అడిగింది, చివరికి 18 దగ్గర ఆపాం. మా రౌండ్ టేబుల్ 60 ఇంచులది, పది మంది కూర్చుంటే ఇరుకే. ప్లేట్లు, గ్లాసులు, రిటర్న్ గిఫ్ట్ డబ్బాలు, టేబుల్ నంబర్ అన్నీ దాని మీదే. పైన గుత్తి మరీ వెడల్పయితే ఆ రాలే రేకులు ఎవరి బిర్యానీలోనో పడతాయి.

ఇప్పుడు అసలు యుద్ధం. మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. కడియపులంక పూల మార్కెట్ చూస్తూ పెరిగిన మనిషికి, దండ వేలాడకపోతే అది అలంకారం కిందకే రాదు. "స్టాండు ఎలాగూ పొడుగ్గా ఉంది కదే, చుట్టూ లిల్లీపూల దండలు దింపించు" అంది. బుజ్జికి దండలు కాదు, క్రిస్టల్ తీగలు వేలాడాలి. "అమ్మమ్మా, అవి మండపానికి బాగుంటాయి" అంటుంది. అమ్మ "నీ గాజుపూసల కంటే నయం కదే" అంటుంది. డెకరేటర్ రెండూ కట్టి చూపించింది. ఏది కట్టినా టేబుల్ మధ్యలో కర్టెన్ దించినట్టే ఉంది. అంత ఎత్తు స్టాండ్ తెచ్చుకుని, ఆ ఖాళీని మళ్ళీ మనమే మూసేసుకోవడం ఎందుకు? పైగా లిల్లీపూల వాసన గట్టిది. పది మంది తింటున్న టేబుల్ మీద నాకైతే వద్దనే అనిపించింది. అందుకని దండలన్నీ ఎంట్రన్స్‌లో గెస్ట్‌బుక్ టేబుల్‌కీ, స్టేజీకి రెండు వైపులా స్తంభాలకీ వెళ్ళిపోయాయి. క్రిస్టల్స్ కేక్ టేబుల్‌కి. అమ్మ ఒప్పుకుంది. బుజ్జి ఒప్పుకున్నట్టు ఉంది.

తర్వాత వీడియో తీసే అబ్బాయితో మాట్లాడాం. ఇది తప్పకుండా చేయండి. మన రిసెప్షన్లు మీకు తెలుసు కదా, సగం మంది ఫొటో కోసం స్టేజీ ముందు లైన్లో ఉంటారు, మిగతావాళ్ళు కూర్చుని కజిన్స్ డాన్సులూ, స్క్రీన్ మీద స్లైడ్ షో చూస్తారు. కూర్చున్నవాళ్ళకి అడ్డం రాని పూలు నిలబెట్టిన కెమెరాకి అడ్డం వస్తాయి. టేబుల్ 30, స్టాండ్ 28, అంటే పూలు 58 ఇంచుల దగ్గర మొదలై ఆరడుగుల దాకా ఉంటాయి. ట్రైపాడ్ మీద కెమెరా ఉండేది కూడా అక్కడే. కాబట్టి స్టేజీకి ఎదురుగా మధ్య వరసలకి పొట్టి పూలు. బాల్కనీ కింద సీలింగ్ తక్కువ, అక్కడా పొట్టివే. పొడుగువి గోడల పక్కన. మొత్తం 30 టేబుళ్ళలో 18 పొడుగు, 12 పొట్టి. పొడుగుది ఒక్కోటి 225 డాలర్లు, పొట్టిది 110. అన్నీ పొడుగువే పెడితే 6,750 అయ్యేది, ఇలా 5,370కి వచ్చింది. దాని మీద న్యూజెర్సీ సేల్స్ టాక్స్ 6.625 శాతం వేరే. బావగారి మొహంలో మొదటిసారి వెలుగు కనిపించింది.

ఏ పూలు అనేది తేల్చుకోవడానికి నేనూ, అమ్మా, బుజ్జీ పొద్దున్నే రైలెక్కి మాన్‌హట్టన్ వెళ్ళాం. పెన్ స్టేషన్‌లో దిగి కొంచెం నడిస్తే వెస్ట్ 28వ వీధి వస్తుంది. సిక్స్త్ ఎవెన్యూకీ సెవెంత్ ఎవెన్యూకీ మధ్యలో అంతా పూల హోల్‌సేల్ షాపులే. తెల్లారకముందే తెరుస్తారు, పొద్దెక్కితే మంచి సరుకు అయిపోతుంది. ఫుట్‌పాత్ మీదకి కూడా మొక్కలూ కొమ్మలూ వచ్చేసి ఉంటాయి, పక్కకి తిరిగి నడవాలి. ఇక్కడ అమ్మే గులాబీలు ఎక్కువగా ఈక్వడార్, కొలంబియాల నుంచి వస్తాయి. విమానంలో మయామీలో దిగి, అక్కడి నుంచి చల్లటి ట్రక్కుల్లో పైకి వస్తాయి. ఈక్వడార్ గులాబీ చూడండి, కాడ ఎంత నిటారుగా ఉందో, మొగ్గ నా గుప్పెడంత ఉంది.

బుజ్జి మనసు పడింది క్విక్‌శాండ్ అనే రకం మీద. కాస్త ఇసుక రంగు, కాస్త లేత గులాబి. ఈ మధ్య ఇక్కడి పెళ్ళికూతుళ్ళందరికీ అదే కావాలి. అమ్మ ఒక కట్ట ఎత్తి తిప్పి చూసి, "ఇవి నిన్నటి పూలా?" అంది నాతో మెల్లగా. నాకూ అలాగే అనిపించింది కానీ బుజ్జి వింటోంది కాబట్టి మాట్లాడలేదు. చివరికి తెల్లవి ఎక్కువ, పీచ్ కొన్ని, క్విక్‌శాండ్ అక్కడక్కడా. ఎర్ర గులాబీలు అమ్మ అడిగింది గానీ వాటికి వేరే ఇబ్బంది ఉంది. డీజే వాళ్ళు గోడలకి నీలం, ఊదా లైట్లు వేస్తారు. గోడౌన్‌లో నీలం లైటు వేసి చూపించారు, ఎర్ర గులాబీ నల్లగా కనిపించింది. తెలుపూ పీచూ అంత ఇబ్బంది పెట్టవు.

గుత్తి నిండుగా కనిపించాలంటే హైడ్రేంజియా వేస్తారు, ఒక్క పువ్వు నాలుగు గులాబీల చోటు నింపేస్తుంది. కానీ నీళ్ళు కాస్త తగ్గితే చాలు, తల వాల్చేస్తుంది. దానికి ఇక్కడి పూలవాళ్ళు ఏం చేస్తారో తెలుసా? కాడ కొత్తగా కోసి, చివర పటిక పొడిలో అద్ది నీళ్ళలో పెడతారు. మన పటికే అండీ! అమ్మ ఈ ఒక్క విషయం రాజమండ్రికి ఫోన్ చేసి మరీ చెప్పింది. వాలిపోయిన పువ్వుని తలకిందులుగా నీళ్ళలో ముంచి ఉంచినా తేరుకుంటుంది, అది రేకులతో కూడా నీళ్ళు తాగుతుంది కాబట్టి.

పూలు గుచ్చేది ఆకుపచ్చ ఫోమ్ ఇటుకలో. దాన్ని నీళ్ళలో వదిలేసి, దానంతటదే మునిగే దాకా ఆగాలి. చేత్తో నొక్కితే పైకి తడిసినట్టే ఉంటుంది గానీ లోపల గాలి ఉండిపోతుంది, అక్కడ గుచ్చిన పువ్వుకి నీళ్ళు అందవు. ఆ ఫోమ్ ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు. అందుకని మేం పొట్టి వాటికి గిన్నెలో ఇనుప జాలీ పెట్టి చేయమన్నాం. పొడుగు వాటికి ఫోమ్ తప్పలేదు. బావగారు మొత్తం ప్లాస్టిక్ పూలే పెట్టేద్దామన్నారు. పైన, చేతికి అందని చోట కొన్ని కలిపితే నాకేం అభ్యంతరం లేదు, ఎవరికీ తెలియదు కూడా. పొట్టి వాటిలో మాత్రం వద్దు. మనవాళ్ళు కూర్చోగానే ముందు చేసే పని పువ్వు ముట్టుకుని చూడడమే.

ఇంకొక్కటి, స్టాండ్ అడుగు బరువుగా ఉందో లేదో టేబుల్‌ని ఊపి చూడండి. పిల్లలు టేబుల్ క్లాత్ లాగకుండా ఉండరు. కొవ్వొత్తులు గాజు గ్లాసుల్లో ఉంటేనే హాలు వాళ్ళు ఒప్పుకుంటారు. పట్టుచీర కొంగులు గుర్తొచ్చి మేం అవి కూడా వద్దని బ్యాటరీవి తీసుకున్నాం.

స్టాండ్లు అద్దెవి, అదే రాత్రి తిరిగి ఇచ్చేయాలి. పైన ట్రే మాత్రం ఊడి వస్తుంది, పూలు మనవే. అక్క చాలా తెలివిగా, మర్నాడు సత్యనారాయణ వ్రతానికి ఈ తెల్లగులాబీలు పనికొస్తాయి కదా అంది. అమ్మ చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేసింది. "భోజనాల బల్ల మీద పూలు దేవుడికి పెడతావుటే?" ఇంకెవరూ నోరెత్తలేదు. ఆ పూలు వెళ్ళేటప్పుడు ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చేస్తున్నాం. వ్రతానికి బంతి, చామంతి, మల్లెదండలు మన ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డులో విడిగా ఆర్డర్ ఇచ్చాం. బావగారు లాప్‌టాప్ తెరిచి బడ్జెట్ షీట్‌లో ఇంకో లైన్ కలిపారు.