నెత్తురు మరవని కత్తి

సభకు నమస్కారం.

కల్పనా కథలు రాసే ఒక యువకుడు ఈ మధ్య తన రాతప్రతి తెచ్చి నాకు చూపించాడు. అందులో ఏడు తరాల పాటు రాజ్యాన్ని కాచిన ఒక వీరుడి కత్తి ఉంది. ఎనిమిదో తరంలో అది ఒక దుర్మార్గుడి చేతిలో పడుతుంది. వాడు దానితో ఆయుధం లేని ఒక ముసలివాణ్ణి నరుకుతాడు. "ఇక మీదట ఆ కత్తి మెరవాలా, మెరవకూడదా అండీ?" అని ఆ యువకుడు అడిగాడు. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. ఈ సాయంత్రం మీ ముందు పెట్టబోయేది ఆలస్యంగా తోచిన జవాబు.

కత్తికి పదును పోయిందంటాం, తుప్పు పట్టిందంటాం గానీ పరువు పోయిందని ఎవరూ అనరు. అయినా ఏటా దసరాకు ఆయుధాలకు పసుపు కుంకుమలు పెట్టి జమ్మిచెట్టు చుట్టూ తిరిగే మనకు, ఆయుధానికీ ఒక మర్యాద ఉందని వేరే చెప్పనక్కర్లేదు. విరాటపర్వంలో ఆ చెట్టు దగ్గర జరిగినదాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పాండవులు ఆయుధాలను చెట్టుకు కట్టి, ఎవరూ అటు రాకుండా ఒక శవాన్ని కూడా కడతారు. అజ్ఞాతవాసం ముగిసే వేళ బృహన్నల చెట్టెక్కమంటే ఉత్తరుడు వెనకాడతాడు. రాజకుమారుణ్ణి, శవాన్ని ఎలా ముట్టుకుంటానని అతని బాధ. తీరా కట్లు విప్పేసరికి విండ్లు ధగధగ మెరుస్తాయి. శవం పక్కన అన్నాళ్లు వేలాడినా గాండీవానికి మైల అంటలేదు. కాబట్టి మన ప్రశ్న బయటి మురికి గురించి కాదు, చేసిన పని గురించి.

చేసిన పని అంటే సౌప్తికపర్వమే గుర్తుకొస్తుంది. నిద్రపోతున్న శిబిరంలోకి అశ్వత్థామ వెళ్లింది సాక్షాత్తూ శివుడిచ్చిన ఖడ్గంతో. ధృష్టద్యుమ్నుడు దొరికిపోయాక, కనీసం ఆయుధంతో చంపమనీ, అలా పోతే పుణ్యలోకాలకు వెళతాననీ వేడుకుంటాడు. గురువును చంపినవాడు ఆయుధంతో చావడానికి తగడని చెప్పి, అశ్వత్థామ అతణ్ణి కాళ్లతో తన్ని తన్ని చంపుతాడు. నిద్రలో ఉన్నవాళ్లను నరకడానికి వచ్చిన మనిషి, తన కత్తి గౌరవాన్ని మాత్రం జాగ్రత్తగా కాపాడుకుంటున్నాడన్నమాట! ఆ తరువాత మూడు వేల ఏళ్లు ఒంటరిగా తిరగమన్న శాపం అతనికి తగిలింది. ఖడ్గాన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు.

గాండీవం సంగతి ఇంకా చిక్కు. ఆ వింటిని మరొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడి వ్రతం. కర్ణపర్వంలో ఆ మాట అన్నది సొంత అన్న ధర్మరాజే కావడంతో అర్జునుడు కత్తి దూస్తే, కృష్ణుడు అడ్డుపడవలసి వచ్చింది. అంత గౌరవం పొందిన విల్లు మౌసలపర్వంలో, ద్వారక నుంచి స్త్రీలను తీసుకువస్తున్న దారిలో దొంగలు మీద పడితే, అతికష్టం మీద గాని నారి ఎక్కదు. అస్త్రాలు గుర్తుకు రావు, అక్షయ తూణీరాలు ఖాళీ అవుతాయి. ఆయన కళ్ల ముందే దొంగలు ఆడవాళ్లను ఎత్తుకుపోతారు. పరువు పోయింది వింటిదా, చేతిదా? వ్యాసుడు ఈ రెండూ కాదంటాడు: అస్త్రాలు వచ్చిన పని ముగించుకుని వచ్చిన చోటికి వెళ్లిపోయాయి. అర్జునుడు మాత్రం ఎక్కుపెట్టలేని ఆ వింటిని మహాప్రస్థానంలో కూడా మోసుకునే వెళతాడు. రత్నలోభం వల్ల వదల్లేదని వ్యాసుడే చెబుతాడు. చివరికి అగ్ని కొండలా దారికి అడ్డం నిలిచి, ఇది వరుణుడి దగ్గర నుంచి నీకోసం తెచ్చినది, తిరిగి ఇచ్చెయ్యమంటే నీళ్లలో విడిచిపెడతాడు. అరువు సొమ్ము యజమానిని చేరింది. అరువు తెచ్చినదానికి మచ్చ పడినా పడకపోయినా లెక్క చూసుకోవలసింది వాడినవాడే కనుక, మన పురాణ ఆయుధాలు చాలావరకు మచ్చ లేకుండానే తిరిగి వెళతాయని నా అభిప్రాయం.

ఎవరూ అరువివ్వని కత్తి సంగతి వేరు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ కల్పించిన తూరిన్ కథలో ఆకాశం నుంచి రాలిన ఇనుముతో ఎయోల్ అనే కమ్మరి చేసిన నల్లకత్తి ఒకటి ఉంది. చేసినవాడి నల్లని మనసు ఇంకా దానిలోనే ఉందనీ, పట్టిన చేతిని అది ప్రేమించదనీ మెలియన్ అనే రాణి ముందే హెచ్చరించినా, తూరిన్ స్నేహితుడు బెలెగ్ దాన్ని తీసుకుంటాడు. శత్రువులు బంధించిన మిత్రుడు తూరిన్ సంకెళ్లను చీకట్లో అదే కత్తితో కోస్తుండగా, అది జారి తూరిన్ పాదంలో గుచ్చుకుంటుంది. ఉలిక్కిపడి లేచినవాడు, హింసించడానికి శత్రువే వచ్చాడనుకుని కత్తి లాక్కుని పొడిచేస్తాడు. మెరుపు మెరిసినప్పుడు గాని కింద పడి ఉన్నది బెలెగ్ అని తెలియదు. ఆ తరువాత కమ్మరులు దాన్ని మళ్లీ సాన పట్టి తీర్చితే అంచులు పాలిపోయిన నిప్పులా వెలిగాయి, దానికి గుర్థాంగ్ అన్న కొత్త పేరూ వచ్చింది. అదే కత్తి మహాసర్పాన్ని చంపింది, నిజం చెప్పిన పాపానికి కుంటివాడైన బ్రాండిర్‌నూ చంపింది. చివరికి తూరిన్, పట్టిన చెయ్యి తప్ప ప్రభువూ విశ్వాసమూ ఎరగవు నువ్వు, నా నెత్తురు తాగుతావా అని దాన్ని అడుగుతాడు. కత్తి జవాబిస్తుంది: సంతోషంగా తాగుతాను, నా యజమాని బెలెగ్ నెత్తురునూ, అన్యాయంగా చచ్చిన బ్రాండిర్ నెత్తురునూ మరిచిపోవడానికి. తూరిన్ వేసిన నింద ఆ ఒక్క మాటతో అబద్ధమైపోయింది. తనే పొడిచి చంపిన మనిషిని ఆ కత్తి ఇన్నేళ్లూ యజమాని అనే తలచుకుంటోంది.

ఈ ఘట్టానికి మూలం ఫిన్లాండు కావ్యం కలెవలలో ఉంది. ఎలియాస్ లోన్‌రోట్ జానపద గేయాలను సేకరించి కూర్చిన ఆ కావ్యపు 1849 పాఠంలో కుల్లెర్వో అనే వీరుడు కూడా చావబోతూ తన కత్తిని ఇలాగే అడుగుతాడు. అమాయకుల మాంసం తిన్నదాన్ని, పాపిది తినడానికి నాకేం అడ్డమని ఆ కత్తి తేలిగ్గా అంటుంది. దానికి సిగ్గు లేదు, కాబట్టి పోగొట్టుకోవడానికి పరువూ లేదు. టోల్కీన్ చేర్చినది జ్ఞాపకం. జ్ఞాపకం ఉన్న కత్తికే మచ్చ పడుతుంది, అంతకు తక్కువ దేనికీ పడదు.

మన యువ రచయిత మాత్రం ఈలోగా తన కథ మార్చేశాడు. ముసలివాడి మీదికి దూయబోతే కత్తి ఒరలోంచి రాకుండా మొరాయిస్తుందట. అది కొట్టెయ్యమన్నాను; అలాంటి కత్తి రచయితకు సౌకర్యమే తప్ప కథకు బరువు కాదు. తెగనివ్వు, తరువాత ఎక్కడో ఒక చోట దానికి ఆ ముసలివాడు గుర్తుకు రానివ్వు అన్నాను. రాతప్రతి తిరిగేసి చూస్తే ఆ ముసలివాడికి పేరే లేదు. ముందు ఆయనకొక పేరు పెట్టుకుని రమ్మని పంపించాను.