మాట తప్పిన ఎలక్టర్లు

అందరికీ నమస్కారం.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు అక్కడ వేసే ఓటు నేరుగా అధ్యక్షుడికి పడదు, వాళ్ల తరఫున అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఎలక్టర్లకు పడుతుంది. మొత్తం 538 మంది. 270 వస్తే గెలుపు. ఫలానా అభ్యర్థికే వేస్తానని మాటిచ్చిన ఎలక్టరు చివర్లో ఇంకొకరి పేరు రాస్తే?

2016 డిసెంబరు 19న వాషింగ్టన్ రాష్ట్ర రాజధాని ఒలింపియాలో అదే జరిగింది. ఆ రాష్ట్రంలో జనం గెలిపించింది డెమోక్రటిక్ అభ్యర్థి హిల్లరీ క్లింటన్‌ని, రిపబ్లికన్ అభ్యర్థి ట్రంప్‌ని కాదు. పన్నెండు మంది ఎలక్టర్లూ ఆమె పార్టీవాళ్లే. తీరా బ్యాలట్లు లెక్కపెడితే ఆమెకు వచ్చినవి ఎనిమిది. మూడింటి మీద మాజీ విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ పేరుంది. ఆయన పోటీలోనే లేరు, పైగా రిపబ్లికన్! ఇంకొక దాని మీద ఫెయిత్ స్పాటెడ్ ఈగిల్ అనే ఆదివాసీ మహిళ పేరు.

పావెల్‌కి వేసిన ముగ్గురికీ ఒక లెక్క ఉంది. 37 మంది రిపబ్లికన్ ఎలక్టర్లు కూడా ట్రంప్‌ని వదిలేస్తే ఆయన 306 నుంచి 269కి పడిపోతారు, నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్తుంది. చివరికి కదిలింది టెక్సాస్‌లో ఇద్దరే. వాషింగ్టన్ రాష్ట్రం తన నలుగురికీ తలా వెయ్యి డాలర్ల జరిమానా వేసింది. ముగ్గురు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అలా శిక్షించే హక్కు రాష్ట్రానికి ఉందని 2020 జులైలో తొమ్మిది మంది జడ్జీలూ తేల్చారు.

ట్రంప్ రాకూడదన్న ఆ ఎలక్టర్ల ఆవేదన నిజమైనదే, నేను కాదనను. కానీ ఆ ఓటు లక్షల మంది నమ్మి వాళ్ల చేతిలో పెట్టింది. 1796లోనే పెన్సిల్వేనియా ఎలక్టరు శామ్యూల్ మైల్స్ తన పార్టీ అభ్యర్థి ఆడమ్స్‌ని కాదని ప్రత్యర్థి జెఫర్సన్‌కి వేస్తే, ఒక ఓటరు మండిపడి పత్రికకు రాశాడు: నేను అతన్ని ఎన్నుకున్నది పని చెయ్యడానికి, నా బదులు ఆలోచించడానికి కాదు అని.

పెద్దలకు మన 1969 రాష్ట్రపతి ఎన్నిక గుర్తొస్తూ ఉంటుంది. ఇందిరాగాంధీ ఎంపీలను, ఎమ్మెల్యేలను ఆత్మప్రబోధం మేరకు ఓటెయ్యమన్నారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి ఓడి, వి.వి.గిరి గెలిచారు. ఇద్దరూ తెలుగువాళ్లే. ఆ రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను. మన ఎంపీ, ఎమ్మెల్యే తన పేరు మీద, తన ముఖం చూపించి గెలిచినవాడు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఎలక్టరు పేరు బ్యాలట్ మీద కూడా కనిపించదు.

మాట తప్పిన ఎలక్టర్లవల్ల ఇంతవరకు ఏ అధ్యక్షుడూ మారలేదుగా అంటారు. 2000లో బుష్‌కి వచ్చినవి 271. ఇద్దరు మాట తప్పి ఉంటే 269! కోర్టు రాష్ట్రాలకు అధికారం ఉందని చెప్పింది గానీ, చట్టం చేసి తీరాలని చెప్పలేదు. కొన్ని రాష్ట్రాల్లో మాట తప్పిన ఓటు ఈనాటికీ అలాగే లెక్కలోకి వస్తుంది. మీవాళ్లు ఉండే రాష్ట్రంలో చట్టం ఏమంటుందో, ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి.