గోడ మీద తలకిందుల గోపురం

శ్రోతలకు నమస్కారం.

హంపికి రైల్లో వెళ్లండి. కారులోనూ వెళ్లొచ్చు, బస్సులోనూ వెళ్లొచ్చు. కానీ మొదటిసారి వెళ్తున్నారంటే మాత్రం రైల్లోనే వెళ్లండి అంటాను. ఎందుకంటే ఆ ఊరు చూడాలంటే ముందు కన్ను కుదురుకోవాలి. దానికి కాస్త టైమ్ కావాలి. ఆ టైమ్ రైలు ఇస్తుంది.

గుంటూరు వైపు నుంచి వెళ్లేవాళ్లకి వినుకొండ, మార్కాపురం, నంద్యాల మీదుగా గుంతకల్లు. తర్వాత బళ్లారి, ఆ తర్వాత హోస్పేట. హోస్పేటలో దిగితే హంపి ఇంకో 13 కిలోమీటర్లు.

నేను వెళ్లింది మా అమ్మతో, ఓ చలికాలం. అమ్మకి లోయర్ బెర్తు దొరికింది. నేను నిద్ర లేచేసరికే ఆవిడ కిటికీ దగ్గర శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. బయట నల్లరేగడి చేలు. బళ్లారి వచ్చింది. ఊరి మధ్యలోనే రాతికొండ, దాని మీద కోట. అది దాటాక నేల ఎర్రబడింది, గుండ్లు మొదలయ్యాయి. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడతాయేమో అనిపించే పెద్ద పెద్ద గుండ్లు.

"ఎవరు పేర్చార్రా వీటిని?" అంది అమ్మ.

ఎవరూ పేర్చలేదు. నేలలోంచి బయటపడ్డ గ్రానైటు అది. లక్షల ఏళ్లుగా ఎండా వానా పగలగొట్టి, అరగదీసి అలా నిలబెట్టాయి. హంపిలో మండపాలూ స్తంభాలూ అన్నీ ఆ రాయే. రైల్లో వెళ్తే ఉలి తగలని రాయిని ముందు చూస్తాం, ఉలి తగిలిన రాయిని తర్వాత చూస్తాం. నేను రైలు రైలు అని ఇంతగా చెప్పేది అందుకే.

చరిత్ర మీకు తెలిసిందే కాబట్టి రెండు మాటల్లో చెప్పేస్తాను. 1336లో హరిహరరాయలు, బుక్కరాయలు పునాది వేసిన విజయనగరం అది. 1565లో యుద్ధం ఓడిపోయాక శత్రుసేనలు వచ్చి ఊరిని దోచుకున్నాయి, పాడుచేశాయి. ఆ తర్వాత అది మళ్లీ రాజధాని కాలేదు. విఠలాలయం ముందున్న రాతిరథం మీ జేబులోని కొత్త యాభై రూపాయల నోటు వెనక ఉంటుంది, తీసి చూడండి. ఒకే రాయిలో చెక్కారని చాలామంది అనుకుంటారు. కాదు, ఎన్నో రాళ్లు కూర్చి కట్టిన గరుత్మంతుడి గుడి అది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు గురించి చెబుతాను.

విరూపాక్షస్వామి గుడి. చుట్టూ అంత ఊరు పాడుబడిపోయినా ఇక్కడ ఈరోజుకీ పూజ జరుగుతోంది. పట్టాభిషేకం జ్ఞాపకంగా 1510లో కృష్ణదేవరాయలు కట్టించిన రంగమండపం ఇక్కడే ఉంది. తూర్పున తొమ్మిది అంతస్తుల గోపురం, దాదాపు 50 మీటర్ల ఎత్తు. మమ్మల్ని తీసుకెళ్లిన ఆటో అబ్బాయికి తెలుగు బాగా వచ్చు. దిగుతుంటే అమ్మతో, "అమ్మా, గర్భగుడి వెనక చీకటి గది ఉంటుంది. అది చూడకుండా రావద్దు" అన్నాడు.

వెళ్లాం. చిన్న గది, చీకటి. మొదట ఏమీ కనపడలేదు. మా ముందు వచ్చినవాళ్లు ఓసారి తొంగిచూసి, ఏమీ లేదనుకుని వెళ్లిపోయారు. మేం ఆగాం. కాసేపు ఆగాం. మెల్లగా ఎదుటి గోడ మీద బూడిదరంగులో ఏదో ఆకారం. ఇంకాసేపు ఆగాం. గోపురం! ఇందాక మేం దాని కిందనుంచి నడిచి వచ్చిన గోపురమే. తలకిందులుగా ఉంది. కలశాలు కిందికి, వాకిలి పైకి.

గోడలో చిన్న కన్నం ఉంది. వెలుగు తిన్నగా తప్ప ప్రయాణం చేయదు. అంచేత గోపురం పైనుంచి వచ్చిన వెలుగు ఆ కన్నంలో దూరి గోడ కింది భాగాన పడుతుంది, కిందినుంచి వచ్చింది పైన పడుతుంది. బళ్లో అట్టపెట్టెకి సూదితో బెజ్జం పెట్టి కెమెరా చేసి చూపిస్తారే, అదే ఇది. అట్టపెట్టె బదులు గది.

అమ్మ ఆరోజు మీగడరంగు నేతచీర కట్టుకుంది. ఏమనుకుందో ఏమో, పైటచెంగు రెండు చేతులా విప్పి వెలుగుకి అడ్డంగా పట్టుకుంది. గోపురం వచ్చి చెంగులో పడింది. కన్నం వైపు ఒకడుగు వేసింది, గోపురం చిన్నదైంది, వెలుగు పెరిగింది. ఇంకో అడుగు. ఇంకా చిన్నది, ఇంకా వెలుగు. ఆఖరికి అరచెయ్యంత గోపురం, అమ్మ చెంగులో తలకిందులుగా వేలాడుతోంది. బయట ఆకాశం కూడా కొంచెం ఆ చెంగులో ఉంది.

"ఒరేయ్, చూడు," అంది. అంతే. ఇంకేం మాట్లాడలేదు.

నేను ఫోన్ తీయలేదు. తీయాలనిపించలేదు.

హంపి గురించి చెప్పాల్సింది చాలా ఉంది, నా టైమ్ మాత్రం అయిపోవచ్చింది. ఒక్క పనికొచ్చే మాట చెప్పి ముగిస్తాను. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే మొదలవుతుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందుగానే చేయించుకోండి. బ్యాగులో నీళ్ల సీసాతో పాటు తెల్లటి రుమాలు ఒకటి పెట్టుకోండి. ఉతికి ఇస్త్రీ చేసింది, కాస్త పెద్దది. గర్భగుడి వెనక గదిలోకి వెళ్లాక వెంటనే బయటికి రాకండి. కాసేపు ఆగండి. గోడ మీద గోపురం కనపడ్డాక ఆ రుమాలు విప్పి పట్టుకోండి.

నమస్కారం.