రైతు పిల్లలు పొలం వదిలేసి పారిపోయారా? లెక్క చూద్దాం రండి

"రైతుల పిల్లలంతా ఏసీ గదుల్లో కూర్చుంటే అన్నం ఎవడు పండిస్తాడు?" ఏ పెళ్లి భోజనాల్లో అయినా ఎవరో ఒకరు ఈ మాట అనాల్సిందే. అనేవాళ్లకి చాలాసార్లు సెంటు భూమి కూడా ఉండదు! నేను రైతు ఇంట్లో పుట్టి వేరే పనిలో పడినవాణ్ణి. వింటే ఒళ్లు మండుతుంది.

ఒక తాతని అనుకుందాం. 1970ల్లో పదెకరాల ఆసామి. ఇద్దరు కొడుకులు, చెరో ఐదు. వాళ్లకీ ఇద్దరేసి, తలా రెండున్నర. కూతుళ్ల వాటా ఇంకా లెక్కేయలేదు, గమనించండి. 1985 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది నుంచే ఉంది. ఎంతమంది ఇచ్చారంటారా? ఆ గొడవ ఇంకో వీడియోలో.

ఈ తాత ఊహే గానీ లెక్క ఊహ కాదు. దేశంలో సగటు కమతం, అంటే ఒక రైతు సాగుచేసే మొత్తం భూమి, 1970-71లో 2.28 హెక్టార్లు, 2015-16 నాటికి 1.08. తెలంగాణలో ఒక హెక్టారు, ఆంధ్రాలో 0.94. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అచ్చంగా మన మనవడి వాటా!

మరి ఆ వాటా మీద ఇల్లు గడుస్తుందా? 2018-19 పంట ఏడాది మీద కేంద్ర ప్రభుత్వ సర్వే సంస్థ ఎన్‌ఎస్‌ఎస్ సర్వే చేసింది. దేశంలో వ్యవసాయ కుటుంబానికి నెలకి సగటున వచ్చేది 10,218 రూపాయలు. అందులో పంట మీద 3,798. కూలి, జీతాల మీద 4,063. మళ్లీ చెప్తున్నా, రైతు ఇంట్లోనే పంటకన్నా కూలిడబ్బులు ఎక్కువ. మనవడు సిటీ బస్సెక్కకముందే ఆ ఇల్లు బయటి సంపాదన మీద నడుస్తోంది. అదే సర్వేలో ఆంధ్రా వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతానికి అప్పులున్నాయి.

సరే, ఆ మనవళ్లలో అన్నదమ్ములిద్దరిని తీసుకోండి. తమ్ముడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. వాటా అన్నకి కౌలుకిచ్చాడు. అన్న ఇప్పుడు ఐదెకరాలు చేస్తున్నాడు. మోటారు కాలితే ఫోన్ ఎవరికి వెళ్తుంది? మిర్చికి తెగులొస్తే మందుల కొట్టు బాకీ ఎవరు తీరుస్తారు? జీతం పడగానే తమ్ముడే పంపిస్తాడు. దీన్ని పారిపోవడం అంటారా?

తమ్ముణ్ణి తిట్టాలనే ఉంటే కౌలు దగ్గర తిట్టండి, నేనూ కలుస్తా. తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం వచ్చింది. డబ్బు పట్టాదారుకే, అంటే తమ్ముడి ఖాతాకే. ఆ వాటా దున్నే అన్నకి దాని మీద రూపాయి రాలేదు. ఎంతమంది తమ్ముళ్లు ఆ డబ్బు తిరిగి పంపారు?

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. ఆంధ్రాలో 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకి సాగుదారు హక్కు కార్డు ఇస్తారు. పంట రుణానికి, బీమాకి అదే ఆధారం. కానీ యజమాని సంతకం కావాలి. "సంతకం పెడితే భూమి పోతుంది" అని చాలామంది పెట్టరు. పోదండీ! కార్డు గడువు 11 నెలలే, భూమి మీద హక్కు రాదు. ఇంకోటి, ఆదాయపు పన్ను కట్టే తమ్ముళ్లకి పీఎం కిసాన్ కింద కేంద్రం ఏడాదికిచ్చే 6,000 వర్తించదు, దానికి అప్లై చేయకండి. ఆ సంతకం మాత్రం ఈసారి ఊరెళ్లినప్పుడు పెట్టేసి రండి.