తిరుగు టైం ముందు అనుకుందాం

శ్రోతలందరికీ నమస్కారం.

చిన్నపిల్లలను వెంటబెట్టుకుని మన ఊళ్లోనే ఒక పూట హాయిగా తిరిగి రావడం ఎట్లా? ఈరోజు ఆ ముచ్చట చెప్పుకుందాం. చిన్నపిల్లలంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా అనుకోండి. బడికి పోయే పిల్లలకు ఆకలైతే చెప్తారు, కాళ్లు నొస్తే చెప్తారు. ఈ చిన్నోళ్లు చెప్పరు. ఏడుస్తారు. మనం వాళ్లది మొండితనం అనుకుంటాం.

ముందు మేం చేసిన తప్పు చెప్తాను. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఇంటికి చుట్టాలొచ్చారు. హనుమకొండలో ఉంటాం కాబట్టి ఒక్క రోజులో అన్నీ చూపించాలని వేయిస్తంభాల గుడి, భద్రకాళి, హంటర్ రోడ్డులో జూ, సాయంత్రం ఖిలా వరంగల్, అంటే కాకతీయుల కోట, అనుకున్నాం. నాలుగు చోట్లు, ఒక్క రోజు. నా మనవడికి అప్పుడు మూడేళ్లు దాటాయి, మనవరాలు ఇంకా ఎత్తుకునే పిల్ల. గుడిలో బాగానే ఉన్నారు. భద్రకాళి దగ్గర దర్శనం లైనులో మొదలైంది ఏడుపు. జూకు చేరేసరికి పిల్లవాడు మా కొడుకు భుజం మీద నిద్రపోయాడు. జింకలు చూద్దువు లేరా అని లేపారు. అంతే, నిద్ర చెడిన పిల్లవాడు ఏ జింకను చూస్తాడు? ఖిలా వరంగల్ పోనేలేదు. ఇంటికొచ్చాక పెద్దవాళ్లం ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. పాపం, అందులో పిల్లల తప్పు ఒక్కటి లేదు.

ఆ రాత్రి మా కోడలు ఒక మాట అన్నది. "అత్తమ్మా, ఎన్ని గంటలకు బయలుదేరాలో అనుకున్నాం గానీ, ఎన్ని గంటలకు తిరిగి రావాలో అనుకోలేదు." నాకు ఆ మాట పట్టుకుంది. ఈరోజు మీకు చెప్పాలని వచ్చింది కూడా ఆ ఒక్క మాటే. తిరిగి వచ్చే టైం ముందు అనుకోండి.

దసరా అయిపోయి ఎండలు తగ్గాక ఒక ఆదివారం మళ్లీ బయలుదేరాం. ఈసారి వెనక నుంచి లెక్క వేసుకున్నాం. పిల్లలు ఒంటిగంటకు పడుకుంటారు. అంటే పన్నెండుకల్లా ఇంట్లో ఉండాలి, బువ్వ తినాలి. ఖిలా నుంచి హనుమకొండకు ఆటోలో అరగంట. అంటే పదకొండున్నరకు అక్కడ ఆటో ఎక్కాలి. పొద్దున తొమ్మిదికి అక్కడికి చేరితే చేతిలో ఉన్నది రెండున్నర గంటలు. రెండున్నర గంటల్లో నాలుగు చోట్లు ఎక్కడ తిరుగుతాం? ఒక్కటే చోటు. ఖిలా వరంగల్, అందులోనూ మధ్యకోట ఒక్కటే. దగ్గర్లోనే ఉన్న ఖుష్ మహల్ అనే పాత భవనం కూడా వద్దనుకున్నాం.

ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఆ పొద్దు నాకు చాలా ఇష్టం.

మధ్యకోటలో నాలుగు రాతి తోరణాలున్నాయి కదా. మన తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో కనిపించేది ఆ తోరణమే. లోపలికి పోగానే మా మనవడు మొదటి తోరణం కింద నిలబడి తల పైకెత్తి చూశాడు. చూసి, చూసి, "బాపమ్మా, ఇంత పెద్ద దర్వాజకు తలుపేది?" అన్నాడు.

నేను పుట్టింది ఈ ఊళ్లోనే. ఆ తోరణం కింద ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు. తలుపేది అని నాకెప్పుడూ తోచలేదు. అప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఇక్కడ మధ్యలో శివుడి గుడి ఉండేది బిడ్డా, స్వయంభూ దేవుడి గుడి. నాలుగు దిక్కుల నుంచి జనం గుడికి రావాలని నాలుగు దర్వాజలు పెట్టారు. గుడి కూలిపోయింది, దర్వాజలు మిగిలాయి." 1323లో కాకతీయుల రాజ్యం పోయిందనీ, ఆ తర్వాతే గుడి కూలిందనీ నాలుగేళ్ల పిల్లవాడికి ఎందుకు? వాడికి కావలసింది వాడికి దొరికింది. "అయితే మనం నాలుగిట్లోంచీ పోవాలె" అన్నాడు.

ఇక అదే ఆట. ఒక తోరణంలోంచి అటు పోవడం, మళ్లీ ఇటు రావడం. పైన చివర్లలో ఉన్న పక్షులను చూసి "బాతులు, బాతులు" అని అరిచాడు. బాతులు కాదురా, హంసలు అన్నాను. కింద విరిగిన రాళ్ల మధ్య ఇంకా హంసలు ఉన్నాయేమోనని వెతకడం మొదలుపెట్టాడు. ఏనుగు దొరికింది, సింహం దొరికింది, తామరపువ్వులు దొరికాయి. చెక్కిన రాళ్ల మీదికి ఎక్కనీయకండి, అది మాత్రం గట్టిగా చెప్పండి. చెప్తే వింటారు. మా వాడు తర్వాత చెల్లెకు వాడే చెప్పాడు, "ఎక్కొద్దు, దేవుని రాయి" అని.

చెల్లె ఏం చేసిందంటారా? చెట్టు నీడలో పాత చీర పరిచి కూర్చోబెడితే గంటసేపు ఎండుటాకులు ఏరి నా ఒళ్లో పోసింది. ఆ పిల్లకు అదే ఖిలా వరంగల్. నాకు ఒక అభిప్రాయం ఉంది, మీరు ఒప్పుకుంటారో లేదో. పిల్లలు ఆకులు ఏరుకుంటుంటే "అవేం చూస్తావ్, ఇటు చూడు శిల్పం" అని ముఖం తిప్పకూడదు. ఫోటో కోసం పదిసార్లు నిలబెట్టకూడదు. మా కోడలు ఆ రోజు ఫోన్ సంచిలో వేసింది, రెండే ఫోటోలు తీసింది.

సంచి సంగతి రెండు మాటల్లో చెప్తాను, టైం తక్కువుంది. నీళ్లు, అరటిపండ్లు, ఉడకబెట్టిన పల్లికాయ, పొద్దున చేసిన సర్వపిండి ముక్కలు, ఒక జత బట్టలు, కూర్చోవడానికి పాత చీర. పదిన్నరకు, పిల్లలు అడగకముందే తినిపించండి. ఇంట్లోంచి బయటపడే ముందు ఒకటికి పోయించండి. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి ఉంటే ఇంకా మంచిది. ఖిలాలో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, కాబట్టి రెండు గంటల్లో వచ్చేస్తే డబ్బులు దండగ అన్న బాధ కూడా అక్కర్లేదు.

ఇదే లెక్క వేరే చోట్లకూ పనికొస్తుంది. వేయిస్తంభాల గుడికి పోతే ఒకే రాతిలో చెక్కిన ఆ నల్లని నంది దగ్గరే పిల్లలను కూర్చోనివ్వండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది, మన తొందర దానికేం లేదు. సాయంత్రం పూట అయితే భద్రకాళి చెరువు కట్ట చాలు. రామప్ప గుడి చూపించాలని అందరికీ ఉంటుంది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మరీను. కానీ పోను అరవై కిలోమీటర్ల పైన, రాను అంతే. రెండేళ్ల పిల్లతో వద్దనే నేనంటాను. పిల్లలు పెద్దయ్యేదాకా రామప్ప ఎక్కడికీ పోదు.

మళ్లీ ఆ ఆదివారం దగ్గరికే వస్తాను. పదకొండుంబావు అయింది. మా వాడు మూడు తోరణాలు దాటాడు, నాలుగోది ఇంకా అవతల ఉంది. పోదామా అని అందరికీ అనిపించింది. కానీ మనవరాలు అప్పటికే కళ్లు నులుముకుంటోంది. తిరుగు టైం అనుకున్నాం కదా, ఆటో ఎక్కేశాం. పన్నెండుకు ఇంట్లో పెరుగన్నం, ఒంటిగంటకు ఇద్దరూ నిద్ర. ఇల్లంతా నిశ్శబ్దం. నేనూ మా కోడలూ చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఎవరి మీదా ఎవరికీ విసుగు లేదు.

మా వాడు మాత్రం మరిచిపోలేదు. ఎవరు ఇంటికొచ్చినా "ఇంకో దర్వాజ మిగిలింది" అని చెప్తాడు. వచ్చే ఆదివారం దాని కోసమే పోతున్నాం. పదకొండున్నరకు రమ్మని ఆటోకు ఇప్పుడే చెప్పి పెట్టాను.

నమస్కారం.