డబుల్ బ్యారెల్‌కు చుక్క నూనె చాలు

(హనుమకొండలో సెక్యూరిటీ గార్డులు, సొంత లైసెన్సుదారుల కోసం ఏర్పాటైన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీలో ఫౌజు నుంచి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నరు. గొట్టం తుడిచే పుల్‌త్రూ తాడు, చిందీ గుడ్డ గురించి మీకు కొత్తగా చెప్పే పని లేదు. కాని రైఫిల్ అలవాటుతో పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకిని పట్టుకుంటే రెండు తప్పులు జరుగుతయి. ఒకటి సేఫ్టీని నమ్ముడు, రెండోది నూనె పోసుడు.

సేఫ్టీ సంగతి ముందు. బొటనవేలి కింద జరిగే ఆ మీట చాలా తుపాకుల్లో ట్రిగ్గర్లను మాత్రమే పట్టి ఉంచుతది, తూటాను కొట్టి పేల్చే లోపలి హామర్లను కాదు. గోడకు ఆనించిన తుపాకి జారి గచ్చు మీద పడితే సేఫ్టీ వేసి ఉన్నా పేలొచ్చు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయేటప్పుడు విరిచి, అంటే మధ్యల వంచి తెరిచి, రెండు తూటాలూ తీసి ఇయ్యాలె. తీసుకునేవాళ్ళు గొట్టాల్లోంచి వెలుతురు చూడాలె. ఇచ్చినాయన ఖాళీ అన్నడని ఊకోవద్దు. మూసేటప్పుడు టప్పుమని విసిరి మూయొద్దు. గొట్టాలు నేల వైపే ఉంచి వెనుక కర్రను పైకి లేపితే తుపాకి మెల్లగ మూతపడుతది. విసిరి మూసుకుంట పోతే కొన్నేండ్లకు గొట్టాలను పట్టి ఉంచే బోల్టు అరిగి, గొట్టాలు బ్రీచ్ దగ్గర, అంటే తూటా పెట్టే వెనుక చివర కదులుతయి.

ఇగ నూనె. దగ్గరికి రండి, ఈ తుపాకి చూడండి. గొట్టాల కింద ఉండే ముందు కర్రను ఊడదీసి గొట్టాలు విప్పిన. ఇట్ల విప్పినాక ట్రిగ్గర్ నొక్కొద్దు. బయటికి హామర్ కనపడని మోడల్‌లో లోపలి హామర్లు పడిపోతే వాటిని ఎక్కుపెట్టే కాకింగ్ మీటలు పైకి లేస్తయి, గొట్టాలు మళ్ళ ఎక్కవు. అప్పుడు సుత్తి తీసుకుంటే తుపాకి ఖరాబైతది.

గొట్టం వంగే ఇరుసు ఇది, దాన్ని పట్టుకునే కొక్కెం ఇది. బరువంతా ఈ రెండిటి మీదనే. ఇక్కడ గ్రీజు కావాలె, జొన్న గింజంత. ముందు కర్రకున్న ఇనుము ఆక్షన్‌ను, అంటే గొట్టాల వెనుక ట్రిగ్గర్లుండే ఇనుప భాగాన్ని, రాసుకునే గుండ్రటి చోట ఇంకో గింజంత. పాత గ్రీజు నల్లబడితే కిరోసిన్ గుడ్డతో పూర్తిగ తీసి కొత్తది పెట్టాలె. నల్లదాని మీద కొత్తది పూస్తే అరగదీసే పేస్ట్ అయితది. ఎనుమాముల మార్కెట్ దిక్కు డ్యూటీ చేసేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. పత్తి నూగు, మిర్చి దుమ్ము తడి నూనెను చూస్తే వదలవు.

గ్రీజు అక్కడికే ఆపండి. తుపాకిని తెరిచే పై మీట కీలుకు ఒక చుక్క, తూటాను వెనక్కి లేపే ఎక్స్‌ట్రాక్టర్ కాడకు ఒక చుక్క గన్ ఆయిల్. అది దొరకకుంటే కుట్టుమిషన్ నూనె పనికొస్తది. కొబ్బరినూనె మాత్రం వద్దు. 24 డిగ్రీల కింద అది గడ్డకడుతది, డిసెంబర్ రాత్రి మన దగ్గర అంతకన్నా చల్లగనే ఉంటది. ఫైరింగ్ పిన్ను జిగురుల ఇరుక్కుంటే తూటా అడుగున ఉండే టోపీ మీద సొట్ట లోతుగ పడదు, పేలదు. పేలకుంటే వెంటనే విరవొద్దు. మూతి ఎవరికీ ప్రమాదం లేని దిక్కు పెట్టి 30 సెకండ్లు ఆగాలె.

ఎక్కువ నూనె చేసే అసలు నష్టం కర్రకు. మూతి పైకి పెట్టి నిలబెడితే నూనె ఆక్షన్ నుంచి జారి కర్ర మెడలకు దిగుతది. మెత్తబడ్డ కర్ర పేలుడు దెబ్బకు ఆక్షన్ వెనుక చీలుతది. నూనె పెట్టిన రాత్రి మూతి కిందికే ఉండాలె, కింద గుడ్డ వేయాలె.

గొట్టాలు శుభ్రం చేసేటప్పుడు కడ్డీ తూటా పెట్టే వైపు నుంచే పోవాలె. ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్ పదిసార్లు, తర్వాత చిందీ తెల్లగ వచ్చేదాక. చివరిది నూనె చిందీ. డ్యూటీకి పోయే ముందు ఆ నూనెను కూడ పొడి గుడ్డతో తుడవాలె. తూటా పెట్టే గది నూనెతో ఉంటే పేలేటప్పుడు తూటా ఆ గది గోడను పట్టుకోదు, ఆ తోపుడంతా బ్రీచ్ మీద పడుతది. ఎక్స్‌ట్రాక్టర్ లేపి కింద తుడవడం మర్వొద్దు. అక్కడ ఒక ఇసుక రేణువు ఉన్నా తుపాకి పూర్తిగ మూతపడదు.

వానకాలం మూడు నెలలు తోలు కవర్ల పెట్టొద్దు, తోలు తేమను పట్టుకుంటది. తోలు బెల్టుల తూటాలు ఉంచినా ఇత్తడి మీద పచ్చటి చిలుము లేస్తది. చెయ్యి పెట్టిన చోటల్లా చెమట ఉప్పు ఉంటది కాబట్టి, మేలో రోజూ సాయంత్రం నూనె గుడ్డతో గొట్టాల మీద ఒకసారి తుడవాలె.

లైసెన్సుదారులకు ఎలక్షన్ల సంగతి తెలుసు. 2023 నవంబర్‌లో అసెంబ్లీ, 2024 మేలో లోక్‌సభ. ఆర్నెల్లలో రెండుసార్లు తుపాకులు డిపాజిట్ చేయాల్సి వచ్చింది. అప్పగించే ముందు గొట్టాల లోపలా బయటా మామూలుకన్నా చిక్కగ నూనె పూయండి. తిరిగి తెచ్చుకున్న రోజు తూటా ముట్టకముందే గొట్టాల్లో కడ్డీ నడపండి. కందిరీగ మట్టిగూడు కట్టి ఉంటే బయటికి కనపడదు. ఆ గూడు మీద పేలిస్తే గొట్టం ఉబ్బుతది, లేకుంటే పగులుతది. అప్పుడు ముందు కర్ర మీద ఉన్న ఎడమ చెయ్యి ఆ పగిలే చోటు పక్కనే ఉంటది.